పాత వైరింగ్ ఇంట్లో కొత్త లైటు పెట్టాలా? ముందు తీగ చూడండి, తర్వాత షాపుకెళ్లండి

కిందటేడు మా మావయ్య వాళ్లమ్మాయికి పెళ్లి కుదిరితే ఇల్లంతా సున్నాలు కొట్టించి, హాల్లో వేలాడదీయడానికి కాకినాడ నుంచి ఐదు కొమ్మల ఇత్తడి షాండ్లియర్ ఒకటి తెచ్చారు, చూడ్డానికి చాలా బావుంది. ఇల్లేమో కోనసీమలో పెంకుటిల్లు, తాతయ్య కట్టించింది, ఆ ఊరికి కరెంటొచ్చిన కొత్తలో వేసిన టేకు కేసింగ్ కేపింగ్ వైరింగే ముందు రెండు గదుల్లో ఇప్పటికీ నడుస్తోంది. లైటు బిగించడానికొచ్చిన కరెంటు మేస్త్రి, డెబ్బై దగ్గర పడ్డ పెద్దాయన, నిచ్చెనెక్కి దూలానికున్న రౌండ్ బ్లాక్ (లైటు బిగించే గుండ్రటి దిమ్మ) మూత తిప్పి తీసి, కాసేపు ఏం మాట్లాడకుండా చూసి, నన్ను కూడా పైకొచ్చి చూడమన్నాడు.

లోపల నూలు తొడుగేసిన నల్ల రబ్బరు తీగ. నూలు ఎప్పుడో చివికిపోయింది. దాని కింద రబ్బరు మాడిన అప్పడంలా పెళుసెక్కి, మూత తీసిన కదలికకే పొడిపొడిగా రాలింది, ఒక అంగుళం మేర తీగ బోసిగా బయటికొచ్చేసింది. ఫేజుకీ (కరెంటొచ్చే తీగ) న్యూట్రల్‌కీ (అది తిరిగెళ్లే తీగ) మధ్య అడ్డంగా ఉన్నదల్లా కందిరీగ కట్టుకున్న మట్టి గూడు, అంతే. "కదపనన్నాళ్లే బావుంటాదండి ఇది, ఆ లైటు దీనికి కట్టమంటే మాత్రం నేను కట్టనండి" అన్నాడాయన. మావయ్యకి మొదట కోపం వచ్చింది గానీ, పైకెక్కి తన కళ్లతో చూశాక ఇంకేం మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి పాతిల్లు ఉన్నవాళ్లు ఎవరు లైట్ల గురించి అడిగినా నేను ఒకటే చెప్తున్నా, లైటు సీలింగుకి నప్పుతుందా అని కాదు, లోపలున్న తీగకి నప్పుతుందా అని చూసి కొనండి. మనమేమో షాపులో లైటు చూసి ముచ్చటపడి కొనేసి, ఇంటికొచ్చాక "దీన్నెలాగోలా బిగించు" అని ఎలక్ట్రీషియన్ మీద పడేస్తాం. ఆ ఎలాగోలా అన్న మాటలోంచే ప్రమాదాలన్నీ వస్తాయి.

మీ ఇంట్లో ఏ తీగ ఉందో పోల్చుకోడం

ఇంటి వయసుని బట్టి చాలావరకు చెప్పెయ్యొచ్చు. గోడ మీద పొడుగ్గా టేకు చెక్క పెట్టెలా ఉండి పైన మూత చెక్క ఉంటే కేసింగ్ కేపింగ్, అందులో ఎక్కువగా పైన చెప్పిన రబ్బరు తీగే ఉంటుంది. సన్నటి టేకు బద్ద మీద తీగని పరిచి చిన్న చిన్న రేకు క్లిప్పులతో బిగించి ఉంటే బ్యాటెన్ వైరింగ్, అది మన ఊళ్లలో బాగా నడిచింది, పాత మిద్దెలు, స్కూళ్లు, వరండాలు అన్నిట్లో అదే. ఆ తర్వాత కాలంలో, ముఖ్యంగా 1970ల్లో 80ల్లో కట్టిన చాలా ఇళ్లలో రాగి బదులు అల్యూమినియం తీగ వేశారు, రాగి దొరక్క, దొరికినా ధర అందక. పాత మేస్త్రులు ఇప్పటికీ 3/22, 3/20, 7/20 అని చెప్తుంటారు చూడండి, అవి ఎన్ని పోగులు, ఒక్కో పోగు ఏ గేజు అన్న లెక్కలు, ఇప్పుడైతే 1 స్క్వేర్ ఎమ్ఎమ్, 1.5 స్క్వేర్ ఎమ్ఎమ్ అంటున్నాం.

వీటిలో రబ్బరు తీగ అయితే నా మాట వినండి, దానికి కొత్త లైటేదీ కట్టకండి, ఎంత చిన్నదైనా సరే. "ఎల్ఈడీ పెడుతున్నాం కదా, లోడే లేదు కదా" అని చాలామంది అంటారు. లోడు తగ్గిన మాట నిజమే, 60 వాట్ల పాత బల్బు లాగే కరెంటు పావు ఆంపియరు పైన ఉంటే 9 వాట్ల ఎల్ఈడీ లాగేది అందులో మూడో వంతు కూడా ఉండదు. కానీ ఇక్కడ సమస్య తీగ వేడెక్కడం కాదు కదా, తొడుగు రాలిపోవడం. బోసి తీగకి 9 వాట్ల బల్బు కట్టినా దాంట్లో ఉండేది 230 వోల్టులే, చెయ్యి తగిలితే బల్బు ఎన్ని వాట్లని అడగదు. పైగా పాత లైటు విప్పి కొత్తది బిగించేటప్పుడు తీగని లాగడం, వంచడం, చివర చెక్కడం తప్పదు, నలభై యాభై ఏళ్లు కదలకుండా పడున్న రబ్బరు సరిగ్గా అప్పుడే విరిగిపోతుంది. అదీ కేసింగ్ లోపల మనకి కనబడని చోట.

అల్యూమినియం అయితే అంత భయపడక్కర్లేదు గానీ దాని గుణం తెలిసుండాలి. మెత్తటి లోహం, రెండు మూడు సార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది, స్క్రూ కింద బిగిస్తే కొన్నాళ్లకి అణిగిపోయి లూజవుతుంది, గాలి తగిలితే పైన ఒక పొర కడుతుంది, ఆ పొర కరెంటుని సరిగ్గా పోనివ్వదు. కొత్త లైట్ల వెనకాల వచ్చేవేమో సన్నటి రాగి పోగుల తీగలు, ఈ రాగినీ ఆ అల్యూమినియాన్నీ కలిపి మెలితిప్పి పైన టేపు చుట్టేస్తే, అందులోనూ మన కోస్తా ఉప్పు గాలికీ తేమకీ, ఆ కలిసిన చోట తినేసి, వేడెక్కి, టేపు జిగురు కరిగి కారుతుంది. మీ ఇంట్లో ఏ లైటు దగ్గరైనా టేపు నల్లగా జిడ్డుగా కారినట్టుంటే ముందు దీన్నే అనుమానించండి. రెండిటినీ కలపక తప్పకపోతే ఇత్తడి స్క్రూలున్న కనెక్టరు వాడించండి, ఒక వైపు నుంచి అల్యూమినియం దాని స్క్రూ కింద, రెండో వైపు నుంచి రాగి దాని స్క్రూ కింద, తీగకి తీగ తగలకుండా. ఏడాదికోసారి ఆ స్క్రూలు బిగించుకోవాలి, దసరాకో సంక్రాంతికో బూజులు దులిపించేటప్పుడు ఈ పని కూడా పెట్టుకుంటే మర్చిపోరు.

పీవీసీ తొడుగున్న రాగి తీగ అయితే పాతదైనా సగం దిగులు తీరినట్టే. అప్పుడు కూడా బల్బు పైనున్న జానెడు తీగని మాత్రం చూడండి. ఏళ్ల తరబడి 100 వాట్ల బల్బు కింద ఉడికిన తీగ ఆ జానెడు మేర పసుపుపచ్చగా మారి గట్టిపడి ఉంటుంది, మిగతా తీగంతా బానే ఉంటుంది. మామూలు పీవీసీ తీగ తట్టుకునేది 70 డిగ్రీల దాకే, పాత బల్బు పైన మూసిన గాజు బుడ్డిలో అంతకంటే ఎక్కువ వేడే పుడుతుంది. ఆ ముక్క కోసేసి కొత్త తీగ వేయించుకుంటే సరిపోతుంది.

నిచ్చెన ఎక్కేముందు

ఇది చదివి మూతలు విప్పడం మొదలెట్టకండి. మెయిన్ ఆఫ్ చేశాం కదా అని ధైర్యంగా చెయ్యి పెట్టేవాళ్లని ఎంతమందినో చూశా. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇన్వర్టరు ఉంది, మెయిన్ ఆఫ్ చెయ్యగానే అది కరెంటు పోయిందనుకుని లైట్లకీ ఫ్యాన్లకీ తన కరెంటు ఇస్తుంది, ఆ కరెంటు కూడా చంపేంత కరెంటే. కాబట్టి మెయిన్ ఆపాలి, ఇన్వర్టరు ముందు స్విచ్ ఆపాలి, దాని నుంచి ఇంట్లోకి పోయే ఔట్‌పుట్ ప్లగ్ కూడా పీకెయ్యాలి. ఆపిన తర్వాత మెయిన్ దగ్గర ఒక మనిషిని కూచోబెట్టండి, లేకపోతే వంటింట్లో మిక్సీ తిరగట్లేదని ఎవరో ఒకరు వచ్చి వేసేస్తారు.

టెస్టరుని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ముందు కరెంటున్న చోట పెట్టి వెలుగుతోందో లేదో చూసి, తర్వాత మనం పని చేసే చోట పెట్టి, మళ్లీ వెనక్కెళ్లి కరెంటున్న చోట పెట్టి చూడాలి. మధ్యలో టెస్టరే పాడైపోయుంటే అది వెలగలేదని మనం చెయ్యి పెట్టేస్తాం. అన్నీ ఆపేశాక ఇంక కరెంటున్న చోటు ఎక్కడుంటుందంటారా, పక్కింటి వరండా పాయింటు మీద చూసుకోవచ్చు, మా మేస్త్రి అయితే రెండు టెస్టర్లు జేబులో వేసుకుని తిరుగుతాడు.

పాతిళ్లలో ఇంకో రెండు ప్రమాదాలున్నాయి, ఇవి కొత్త కుర్ర ఎలక్ట్రీషియన్లకి కూడా ఒక్కోసారి తట్టవు. ఒకటి, స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉండటం. స్విచ్ ఆపితే లైటు ఆరుతుంది, మనం ఆరింది కదా అని బల్బు మారుస్తాం, కానీ హోల్డర్లో కరెంటు అలాగే ఉంటుంది. స్విచ్ ఆపేశాక కూడా ఎల్ఈడీ బల్బు మిణుకుమిణుకుమంటూ గుడ్డిగా వెలుగుతుంటే అనుమానించాల్సిన వాటిలో ఇది మొదటిది. రెండోది, బాగా పాత ఫ్యూజు బోర్డుల్లో ఫేజుకో కిట్‌క్యాట్ (తీగ మార్చుకునే పింగాణీ ఫ్యూజు), న్యూట్రల్‌కో కిట్‌క్యాట్ ఉండేవి. న్యూట్రల్ వైపు ఫ్యూజు కొట్టేస్తే ఇల్లంతా చీకటి, కానీ ప్రతి హోల్డర్లోనూ ఫేజు కూచునే ఉంటుంది. న్యూట్రల్‌కి ఫ్యూజు ఉండకూడదు, గట్టి లింకు ఉండాలి, మీ బోర్డులో రెండు ఫ్యూజులు జంటగా కనబడితే లైటు మాట పక్కన పెట్టి ముందు అది మార్పించండి.

లైటు పని ఎలాగూ చేయిస్తున్నారు కాబట్టి మెగ్గర్ (తీగ తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్ని పిలవండి, వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాళ్లయితే మరీ మంచిది. బల్బులన్నీ తీసేసి 500 వోల్టులతో తీగకీ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే కనీసం 1 మెగాఓమ్ అయినా చూపించాలి. కొత్త వైరింగ్ అయితే దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. మా మావయ్య ఇంట్లో ముందు గదుల లైను వానాకాలంలో కొలిస్తే ముల్లు పావు మెగాఓమ్ దగ్గరే ఆగిపోయింది. పెంకుల సందుల్లోంచి కారిన నీళ్లు చెక్క కేసింగ్ పీల్చుకుంటుంది, అందుకే కొన్నిళ్లలో ముసురు పట్టినప్పుడు గోడ ముట్టుకుంటే జివ్వుమంటుంది. మనవాళ్లు దాన్ని "వానకి కొంచెం ఎర్తొస్తోంది" అని తేలిగ్గా తీసేస్తారు. అది కొంచెం కాదండి, ఆ గోడలోంచి కరెంటు మనిషి కోసం వెతుక్కుంటోందని అర్థం.

ఇప్పుడు షాపులో

పాతిళ్లలో లైటు పాయింటు దగ్గర ఎర్త్ తీగ దాదాపు ఉండదు. ఫేజు, న్యూట్రల్, రెండే. ఎంపికంతా ఇక్కడి నుంచే మొదలవ్వాలి. ఇత్తడి, ఇనుము, అల్యూమినియం బాడీ ఉన్న లైట్లలో చాలావాటికి ఎర్త్ కావాలి, లోపల ఎక్కడైనా తీగ తొడుగు పోయి బాడీకి తగిలితే ఆ కరెంటు ఎర్త్‌లోకి పోయి ఫ్యూజు కొట్టెయ్యాలి. ఎర్త్ లేకపోతే అది ఎక్కడికీ పోదు, లైటు మామూలుగా వెలుగుతూనే ఉంటుంది, దుమ్ము తుడవడానికి తడి గుడ్డతో ఎవరో ముట్టుకునేదాకా.

డబ్బా మీదో, లైటు వెనక స్టిక్కరు మీదో గుర్తు చూడండి. నిలువు గీత కింద మూడు అడ్డగీతలు, పెద్దది నుంచి చిన్నదిగా ఉంటే దానికి ఎర్త్ తప్పనిసరి, ఎర్త్ లేని పాయింటుకి అది పనికిరాదు. ఒక చదరంలో ఇంకో చిన్న చదరం బొమ్మ ఉంటే డబుల్ ఇన్సులేషన్ అన్నమాట, ఎర్త్ లేకపోయినా నడుస్తుంది, పాతింటికి కావాల్సింది ఇదే. ఏ గుర్తూ లేని లోహపు లైటుని ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. ప్లాస్టిక్ బాడీ ఎల్ఈడీ బ్యాటెన్లు (ట్యూబు లైటులా పొడుగ్గా ఉండేవి), పాలీకార్బొనేట్ గుండ్రటి సర్ఫేస్ లైట్లు, బేకలైట్ హోల్డర్లు, ఇవి చూడ్డానికి సాదాగానే ఉంటాయి, కానీ పాతింట్లో నా ఓటు ఎప్పుడూ వీటికే.

బల్బు అయితే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16102 అన్న నెంబరు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నెంబరు, మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. స్విచ్చులు, హోల్డర్లు, తీగల మీద ఐఎస్ఐ మార్కు ఉండాలి. బీఐఎస్ కేర్ అని ఫోన్లో యాప్ ఉంది, ఆ నెంబరు కొడితే అది ఏ కంపెనీకిచ్చిందో చెప్తుంది, షాపులోనే నిలబడి చూసుకోవచ్చు. 2015 జనవరిలో ఉజాలా పథకం (చవగ్గా ఎల్ఈడీ బల్బులిచ్చే ప్రభుత్వ పథకం) మొదలయ్యాక ఎల్ఈడీలు ఇంటింటికీ వచ్చేశాయి, దాంతోపాటే బజార్లో గుర్తుల్లేని చవక బల్బులూ వచ్చాయి. అలాంటి బల్బుల్లో కొన్నిటిలో డ్రైవరు (ఎల్ఈడీకి సరిపడేలా కరెంటుని మార్చే సర్క్యూట్) సరిగ్గా విడదీసి ఉండదు, వేడి పోవడానికి పెట్టిన లోహపు భాగం బయటికి తగులుతూ ఉంటే దాని మీదకే కరెంటు రావొచ్చు.

హోల్డరు విషయంలో ఒక మాట. మన ఇళ్లలో ఉండేది గుచ్చి తిప్పే రకం, బీ22. ఫ్యాన్సీ లైట్లన్నీ ఇప్పుడు మరతో తిప్పే ఈ27 లో వస్తున్నాయి. ఈ27 లో ఫేజు లోపల అడుగున ఉండే బొడిపెకి రావాలి, చుట్టూ ఉన్న మరకి న్యూట్రల్ రావాలి. పాతింట్లో ఏ తీగ ఏదో రంగుని బట్టి చెప్పలేం, రెండూ నల్లవే ఉంటాయి, మధ్యలో ఎన్నిసార్లు ఎవరెవరు తారుమారు చేశారో తెలీదు. తిరగబడితే మరంతా కరెంటే, బల్బు తిప్పేటప్పుడు వేలు అంచుకి తగిలితే చాలు. అందుకే పాత వైరింగ్ మీద నేను బీ22 నే పెట్టమంటా. ఈ27 లైటే కావాలని మనసు పడితే ఆ పాయింటులో ఫేజేదో తేల్చి, ఎర్ర టేపు చుట్టించి, అప్పుడు బిగించుకోండి.

పాత ఇత్తడి హోల్డర్లుంటాయి చూడండి, లోపల పింగాణీ, పైన ఇత్తడి, కొన్నిటికి పక్కనే నొక్కే స్విచ్ కూడా. అవి చాలామందికి ముచ్చట, నాకూ ముచ్చటే, తాతయ్య గదిలో ఉండేది. కానీ ఎర్త్ లేని చోట చేతికందే ఇత్తడి హోల్డరు వద్దు. తీసి శుభ్రంగా తోమి షోకేసులో పెట్టుకోండి.

బరువు గురించి ఎవరూ ఆలోచించరు. పాత రౌండ్ బ్లాక్‌నీ సీలింగ్ రోజ్‌నీ (వేలాడే లైటు తీగ బిగించే గుండ్రటి మూత) ఒక హోల్డరు, బల్బు, చిన్న షేడు మొయ్యడానికి పెట్టారు. అంతకి మించి ఏది వేలాడదీసినా దాని బరువు దూలానికో ఇనప కొక్కేనికో పడాలి తప్ప తీగ మీద పడకూడదు. మద్రాసు మిద్దెల్లో అయితే దూలాల మధ్య ఇటుక సున్నంలో మర పట్టదు, తప్పకుండా చెక్క దూలం మీదకే తెచ్చుకోవాలి, దూలం చెదలు తినకుండా ఉందో లేదో సుత్తితో కొట్టి చప్పుడు వినాలి. చిన్న వేలాడే హోల్డరైనా సీలింగ్ రోజ్ లోపల తీగకి ముడి వెయ్యాలి, ముడి మూతకి ఆనుకుని బరువు మోస్తే స్క్రూల మీద లాగుడు పడదు. ఇప్పుడు చాలామంది ఆ ముడి వెయ్యడం మానేశారు, అడిగి వేయించుకోండి.

మూసిన గాజు బుడ్డి లైట్లలో ఎల్ఈడీ బల్బు పెడితే తొందరగా పోతుంది, లోపలి వేడికి డ్రైవరు ఉడికిపోతుంది, చాలా బల్బుల డబ్బాల మీద మూసిన లైట్లలో వాడొద్దని రాసే ఉంటుంది. పైనా కిందా గాలాడేది చూసుకోండి. హాలోజన్ లైట్లు మాత్రం పాతింటికి అసలొద్దు, చెక్క వాసాల పక్కన అంత వేడి పెట్టుకోవడం మంచిది కాదు. సీలింగు తక్కువగా కనబడుతోందని పీవీసీ షీట్లతో ఫాల్స్ సీలింగ్ కొట్టించి అందులో గుండ్రటి డౌన్‌లైట్లు గుచ్చుతున్నారు, ఆ షీట్ల పైన ఎలకలు, పాత తీగలు, లైట్ల డ్రైవర్లు అన్నీ ఒకచోట చేరి మనకి కనబడకుండా పోతాయి. పాత వైరింగ్ అలాగే ఉంచి దాని కింద సీలింగ్ కప్పెయ్యకండి, అది నేను గట్టిగా చెప్తా.

పాత ట్యూబ్ లైటు పట్టీలో చోక్ తీసి ఎల్ఈడీ ట్యూబు వెయ్యడం కంటే మొత్తం పట్టీ తీసేసి ప్లాస్టిక్ బ్యాటెన్ పెట్టుకోవడం సుఖం. రేకు పట్టీకి ఎర్త్ లేదు, చోక్ తుప్పు పట్టుంటుంది, ఎల్ఈడీ ట్యూబుల్లో కొన్నిటికి కరెంటు ఒక చివరే, కొన్నిటికి రెండు చివర్లా, తర్వాత ఎవరో తెలీక పాత రకం ట్యూబు తెచ్చి గుచ్చుతారు.

స్నానాల గది, వరండా, దేవుడి గది

తడి చోట ఐపీ నెంబరు చూడాలి, దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా లైటు ఎంత తట్టుకుంటుందో చెప్పేది అదే. గదిలో ఐపీ 20 చాలు, స్నానాల గదిలో నీళ్లు చిందని ఎత్తులో ఐపీ 44, ఆవిరి పట్టే చిన్న గదైతే ఐపీ 65, వరండా చూరు కింద, దొడ్లో ఐపీ 65. ఐపీ 65 కొన్నా తీగ లోపలికెళ్లే రంధ్రం దగ్గర రబ్బరు వాషరు పెట్టకుండా బిగిస్తే ఆ నెంబరుకి అర్థం లేదు, చీమలూ బల్లి పిల్లలూ దూరేది అక్కడే. స్విచ్ గది బయట ఉండాలి, తడి చేత్తో అందకూడదు.

దేవుడి గదిలో జీరో బల్బు రోజంతా వెలుగుతుంది, పైన చిన్న చెక్క మందిరం, పక్కన నూనె దీపం, గోడకి వెండి రేకు పటాలు. అక్కడ చిన్న ఎల్ఈడీ చాలు, లోహపు పటాల మీదుగా సీరియల్ సెట్టు తీగ చుట్టకండి, సన్నటి తీగ రేకు అంచుకి కోసుకుపోతుంది.

పల్లెటూళ్లలో ఇంకోటుంది, హోల్డర్లో గుచ్చే ప్లగ్గు పెట్టి అందులోంచి టేబుల్ ఫ్యానుకో ఇస్త్రీ పెట్టెకో కరెంటు లాగడం. లైటు లైను ఉన్నది లైటు కోసం. ఇస్త్రీ పెట్టె 750 వాట్లనుకున్నా మూడు ఆంపియర్ల పైన లాగుతుంది, ఆ పాత హోల్డరు లోపలి స్ప్రింగు మాడిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు అలవాటుగా చేస్తుంటారు, కోప్పడకుండా వాళ్లకి వేరే ప్లగ్ పాయింటు పెట్టించండి.

మొత్తం మార్చడానికి డబ్బుల్లేకపోతే

అందరికీ ఒకేసారి ఇల్లంతా కొత్త వైరింగ్ వేయించడం కుదరదు, నాకు తెలుసు. అప్పుడు నేను చెప్పే వరస ఇది. ముందు ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లది, మెయిన్ దగ్గర. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి రాకపోతే, తేడా అంతా ఎక్కడో కారుతోందని గ్రహించి లైను కొట్టేస్తుంది. ఇది ఎర్త్ తీగ లేకపోయినా పని చేస్తుంది, కాకపోతే ఎర్త్ లేనప్పుడు మనిషి ముట్టుకున్నాకే అది కొట్టేది, అందుకని ఇది ఉంది కదా అని ఎర్త్ మానెయ్యకూడదు. కిట్‌క్యాట్ ఫ్యూజు ఉంది కదా అనేవాళ్లకి ఒక లెక్క, 5 ఆంపియర్ల ఫ్యూజు అంటే 5000 మిల్లీ ఆంపియర్లు, 30 కి నూటఅరవై రెట్ల పైమాటే. ఫ్యూజు తీగని కాపాడుతుంది, మనిషిని కాదు. అదీ సరైన ఫ్యూజు తీగ వేస్తే, మనవాళ్లు దొరికిన రాగి పోగులు రెండు మూడు మెలేసి పెట్టేస్తారు.

ఆర్‌సీసీబీ పెట్టిన మర్నాటి నుంచి మాటిమాటికీ కొట్టేస్తుంటే విసుక్కుని తీసెయ్యకండి. అది చెప్తున్నది నిజం, తీగలో లీకేజీ ఉంది, లేదా ఒక గది న్యూట్రల్ని ఇంకో గది నుంచి అరువు తెచ్చుకున్నారు, పాతిళ్లలో ఇది చాలా మామూలు. ఒక్కో గది ఫ్యూజు తీసి చూసుకుంటూ పోతే ఏ గదిలో ఉందో దొరుకుతుంది, ఆ గది తీగ ముందు మార్చండి.

తర్వాత లైట్ల లైనుకి, కరెంటు ఎక్కువైతే తనే ఆగిపోయే స్విచ్, అంటే 6 ఆంపియర్ల ఎమ్‌సీబీ. ఆ తర్వాత ఒక పచ్చ తీగ, 1.5 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగిది, ఎర్త్ గుంట నుంచి లైటు పాయింట్ల దాకా పైపైనే పీవీసీ పట్టీలో వేయించొచ్చు, గోడలు పగలగొట్టక్కర్లేదు. కొందరు ఎర్త్ బదులు న్యూట్రల్‌నే లైటు బాడీకి కలిపేస్తారు, కొందరు కొళాయి గొట్టానికి కడతారు. రెండూ చెయ్యనివ్వకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే లైటు బాడీ మొత్తం కరెంటు, కొళాయికి కడితే ఇంటిల్లిపాదీ స్నానం చేసే నీళ్ల దగ్గరికి కరెంటు తీసుకెళ్లినట్టు.

అద్దెకున్నవాళ్లు, ముఖ్యంగా విజయవాడ వన్‌టౌన్‌లోనో హైదరాబాద్ పాత ఇళ్లల్లోనో ఉండేవాళ్లు, ఇంటి ఓనరు ఒప్పుకునేదాకా సీలింగు పాయింట్లు ముట్టుకోకుండా బీ22 హోల్డర్లలో మంచి ఎల్ఈడీ బల్బులు మాత్రం వాడుకోండి, ఎక్కువ వెలుతురు కావాలంటే బాగున్న ప్లగ్ పాయింటుకి స్టాండు లైటు. 9 వాట్ల బల్బు పాత 60 వాట్ల వెలుతురు ఇస్తుంది, నల్లబడ్డ చెక్క వాసాలున్న గదైతే 12 వాట్లది పెట్టుకోండి.

ఇంకోటి, కొత్త ఎల్ఈడీలు నెలకోటి పోతుంటే కంపెనీని తిట్టే ముందు ఆ పాయింటులో లూజ్ కాంటాక్ట్ చూడండి, ఇటు నుంచి అటు కరెంటు తెగి తెగి వస్తుంటే ఏ డ్రైవరూ బతకదు. ఉన్నట్టుండి కొన్ని లైట్లు కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలిగి, కొన్ని గుడ్డిగా అయిపోతే మాత్రం వెంటనే మెయిన్ ఆపేసి కరెంటు ఆఫీసు ఫిర్యాదుల నెంబరు 1912 కి ఫోన్ చెయ్యండి, అది స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ ఊడిన లక్షణం, అప్పుడు 230 ఉండాల్సిన చోట చాలా ఎక్కువ వోల్టేజీ వస్తుంది.

మా మావయ్య వాళ్లింట్లో చివరికి ఏం చేశామంటే, పెళ్లికి ఇరవై రోజుల టైముంది కాబట్టి ముందు గదుల పాత తీగని రెండు చివర్లా విడగొట్టేసి, టేకు కేసింగ్‌ని చూడ్డానికి అలాగే ఉంచి, దాని పక్కనే కొత్త పట్టీలో రాగి తీగ ఎర్త్‌తో సహా వేయించాం. ఆర్‌సీసీబీ పెట్టించాం. షాండ్లియర్ని దూలానికి కొక్కెం దింపి వేలాడదీసి, బాడీకి పచ్చ తీగ బిగించి, ఐదు కొమ్మల్లోనూ 5 వాట్ల బల్బులు పెట్టాం. కందిరీగలు మళ్లీ రాకుండా రౌండ్ బ్లాక్ సందులన్నీ మేస్త్రి పుట్టీతో మూసేశాడు. మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు ఏ ఎమ్‌సీబీ ఏ గదిదో, స్క్రూలు బిగించిన తేదీ ఏదో పెన్నుతో రాసిన కాయితం అంటించాం. ఈ జూలైలో ముసురు పట్టిన మూడో రోజు మెగ్గర్ తెప్పించి మళ్లీ కొలిపించాం, ముల్లు చివరిదాకా వెళ్లింది.